హుండీలో పడ్డ రూపాయి ఎక్కడికి పోతుంది?

హిందూపురం నుంచి లేపాక్షి వెళ్లినవాళ్లకు వీరభద్రస్వామి గుడిలో సగంలో ఆగిపోయిన కల్యాణ మండపం చూపిస్తారు. దగ్గర్లోని గోడ మీద రెండు ఎర్రటి మరకలనూ చూపిస్తారు. అచ్యుతదేవరాయల కాలంలో, అంటే 1530ల ప్రాంతంలో, పెనుకొండ ఖజానా చూసిన విరూపన్నకు, ఆయన తమ్ముడు వీరన్నకు ఈ గుడి కట్టించిన పేరుంది. రాజుగారికి చెప్పకుండా ఖజానా సొమ్ము గుడికి ఖర్చు పెట్టాడని విరూపన్న మీద చాడీలు వెళ్లాయట. రాజు శిక్ష వేసేలోపే ఆయన తన కళ్లు తానే పీకి గోడకు విసిరాడనీ, ఆ మరకలు అవేననీ కథ. ఇది జనం నోట నిలిచిన ముచ్చట. రొద్దం, పెనుకొండ, ధర్మవరం వైపు పెద్దవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు.

ఈ కథలో దొంగతనం లేదు. విరూపన్న ఒక్క వరహా కూడా ఇంటికి మోసుకుపోలేదు. ఒక పని కోసం ఉంచిన డబ్బును ఇంకో పనికి, అదీ పుణ్యకార్యానికి వాడాడు. ఆయన మీద పడ్డ నింద అంతే. వేలకోట్లు చేతులు మారే ఇప్పటి దేవస్థానాలు, ట్రస్టులు, కళాసంస్థల ఖజానా అధికారికి కూడా రోజూ ఎదురయ్యే ప్రశ్న ఇదే. పెట్టెలో డబ్బు ఉందా లేదా అని చూస్తే సరిపోదు. ఆ డబ్బు ఏ పనికి వచ్చిందో, దాన్ని ఎప్పుడు తాకవచ్చో, ఎప్పటికీ తాకకూడనిది ఎంతో తెలిసి ఉండాలి.

తెలుగువాళ్లకు ఇందులో అందరికీ తెలిసిన ఉదాహరణ తిరుమల తిరుపతి దేవస్థానం. టీటీడీ గుడి మాత్రమే నడపదు. సంగీత నృత్య కళాశాల, శిల్ప విద్యాలయం, అన్నమాచార్య ప్రాజెక్టు, ఆస్పత్రులు, టీవీ ఛానల్ కూడా దాని చేతిలోనే ఉన్నాయి. 2025-26 సంవత్సరానికి బోర్డు ఆమోదించిన బడ్జెట్ రూ.5,258.68 కోట్లు. అందులో హుండీ ద్వారా వస్తుందని వేసుకున్న అంచనా రూ.1,729 కోట్లు, అంటే దాదాపు మూడో వంతు. దాని తర్వాత పెద్ద ఆదాయం లడ్డూలది కాదు, దర్శనం టికెట్లది కాదు. బ్యాంకు డిపాజిట్ల మీద వడ్డీది. అది రూ.1,310 కోట్లు. దేవస్థానం ఖర్చు పెట్టే ప్రతి నాలుగు రూపాయల్లో ఒకటి ఎప్పుడో ఎవరో ముడుపు కట్టిన డబ్బు కన్న పిల్ల.

గుడిమాన్యం సంగతి తెలిసిన పల్లెవాళ్లకు ఈ లెక్క తేలిగ్గా అర్థమవుతుంది. మాన్యం భూమిని అమ్ముకోకూడదు. దాని మీద వచ్చిన గింజలతోనే దీపం, నైవేద్యం, పూజారి జీతం గడవాలి. పెద్ద సంస్థల్లో కార్పస్ అని పిలిచే మూలధనం అలాంటిదే. భూమి స్థానంలో ఫిక్స్‌డ్ డిపాజిట్ వచ్చింది, పంట స్థానంలో వడ్డీ వచ్చింది. తిరుమలలో ఒకరోజు మొత్తం అన్నప్రసాదానికి టీటీడీ తీసుకునే విరాళం రూ.44 లక్షలు. అది ఆ ఒక్కరోజుతో ఖర్చయిపోతుంది. అదే దాత ప్రతి ఏటా ఆ రోజు అన్నదానం తన పేరున జరగాలనుకుంటే, 7 శాతం వడ్డీ వస్తుందనుకున్నా దాదాపు రూ.6.3 కోట్లు కదలకుండా ఉండాలి. బియ్యం, పప్పు ధరలు ఏటేటా పెరుగుతాయి కాబట్టి ఆ 6.3 కోట్లు కూడా పదేళ్లకు చాలవు. వడ్డీ మొత్తం తినేయకుండా కొంత మూలధనానికి కలుపుతూ పోవాలని లెక్కలు తెలిసినవాళ్లు చెప్పేది అందుకే.

డబ్బు మొదట చేరే చోటు పరకామణి. హుండీలో పడిన నోట్లు, నాణేలు, నగలు, విదేశీ కరెన్సీ కలగాపులగంగా అక్కడికి వస్తాయి. జేబుల్లేని బట్టలతో, పంచెలు కట్టుకుని కూర్చున్నవాళ్లు వాటిని విలువల వారీగా ఏరి, కట్టలు కడతారు. కెమెరాలు చూస్తూనే ఉంటాయి. ఏళ్ల తరబడి గుడిలోనే సాగిన ఈ లెక్కింపు 2023 ఫిబ్రవరిలో అన్నప్రసాదం భవనం ఎదురుగా కట్టిన కొత్త పరకామణికి మారింది. ఇంత కట్టుదిట్టం ఉన్నా అదే ఏడాది అక్కడ విదేశీ నోట్ల దొంగతనం బయటపడింది. కేసు లోక్ అదాలత్‌లో రాజీ అయింది. ఆ రాజీ చెల్లుతుందా లేదా అన్నది హైకోర్టు దాకా వెళ్లి, 2025లో సీఐడీ దర్యాప్తుకు దారి తీసింది. లెక్కపెట్టేవాడు ఒకడు, రాసేవాడు ఇంకొకడు, బ్యాంకుకు పంపేవాడు మరొకడు అయి తీరాలన్న పాత నియమం ఎందుకు పుట్టిందో చెప్పడానికి ఈ ఒక్క కేసు చాలు.

హుండీ ఇంకో చిక్కు కూడా తెస్తుంది. వేసినవాడి పేరు తెలియదు. 2016 నవంబరులో పాత 500, 1,000 నోట్లు రద్దయ్యాక కూడా భక్తులు వాటిని హుండీలో వేస్తూనే వచ్చారు. స్వామికి మొక్కుకున్న డబ్బును వద్దని బయట పారేయలేరు, బ్యాంకు తీసుకోదు. అలా పోగైన పాత నోట్లు 2020 నాటికి దాదాపు రూ.50 కోట్లు. వాటిని మార్చుకోనివ్వాలని టీటీడీ కేంద్ర ఆర్థికమంత్రిని కోరింది. డాలర్లు, పౌండ్లు, దిర్హామ్‌లదీ ఇదే కష్టం. విదేశీ విరాళాల చట్టం దాత వివరాలు అడుగుతుంది, హుండీ దగ్గర అవి ఉండవు. ఆ చట్టం కింద అనుమతి పునరుద్ధరణ చిక్కుల్లో పడి దేవస్థానం జరిమానా కూడా కట్టాల్సి వచ్చింది.

డబ్బు లెక్క తేలాక ఎక్కడ దాచాలి? షేర్లలో పెడితే ఇంకా పెరుగుతుంది కదా అని చాలామంది అడుగుతారు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోని 11(5) సెక్షన్ ధార్మిక సంస్థలు డబ్బు పెట్టదగ్గ చోట్ల జాబితా ఇచ్చింది. షెడ్యూల్డ్ బ్యాంకుల డిపాజిట్లు, పోస్టాఫీసు పొదుపు, ప్రభుత్వ సెక్యూరిటీలు, స్థిరాస్తి వంటివి అందులో ఉన్నాయి. ఈ జాబితా దాటి మామూలు షేర్ల వైపు వెళితే పన్ను మినహాయింపుకే ఎసరు వస్తుంది. వచ్చిన ఆదాయంలో 85 శాతం సంస్థ పనికే వాడాలన్న షరతు ఒకటి ఉంది. వాడలేకపోతే ఎందుకు కూడబెడుతున్నారో ముందే చెప్పుకోవాలి. ట్రస్టు డబ్బు దాచుకునే పెట్టె కాకూడదన్నది దాని ఉద్దేశం.

బ్యాంకు అనగానే భద్రం అనుకోవడం మనకు అలవాటు. ఏదైనా బ్యాంకు మునిగితే ఒక ఖాతాదారుకు బీమా కింద వచ్చేది రూ.5 లక్షలు, అదీ 2020 ఫిబ్రవరి నుంచే. అంతకుముందు లక్ష. వేలకోట్లు ఉన్నవాడికి అది ఏ మూలకు? అందుకే ఏ బ్యాంకులో పెట్టామన్నదే అసలు ప్రశ్న. 2020 మార్చి 5న రిజర్వు బ్యాంకు యెస్ బ్యాంకు మీద ఆంక్షలు పెట్టి, ఖాతాదారులు రూ.50 వేలకు మించి తీసుకోకుండా ఆపింది. అంతకు కొన్ని నెలల ముందే టీటీడీ ఆ బ్యాంకు నుంచి రూ.1,300 కోట్లు వెనక్కి తీసుకుంది. ప్రైవేటు బ్యాంకు ఇచ్చే అర శాతమో ముప్పాతిక శాతమో ఎక్కువ వడ్డీకి ఆశపడి అక్కడే ఉండి ఉంటే తిరుపతిలో ఎంత గగ్గోలు రేగేదో ఊహించుకోవచ్చు. ఈ ఒక్క నిర్ణయానికి టీటీడీ ఖజానా విభాగాన్ని మెచ్చుకోవాల్సిందే.

ఆ తర్వాత రెండు వారాలకే అసలు పరీక్ష వచ్చింది. కరోనాతో మార్చి 20న తిరుమల దర్శనాలు ఆగాయి. సామాన్య భక్తులకు మళ్లీ తలుపులు తెరుచుకున్నది జూన్ 11న. హుండీ లేదు, టికెట్లు లేవు, లడ్డూ అమ్మకం లేదు. జీతాలు, పింఛన్లు, ఆస్పత్రుల ఖర్చు మాత్రం ఆగవు. వేలకోట్ల డిపాజిట్లు, టన్నుల బంగారం ఉన్న సంస్థ నెల జీతాల కోసం తడుముకోవడం చూసి జనం ఆశ్చర్యపోయారు. ఆశ్చర్యం అక్కర్లేదు. ఆస్తి వేరు, చేతిలో ఆడే డబ్బు వేరు. డిపాజిట్‌ను గడువుకు ముందే పగలగొడితే వడ్డీ నష్టం. బంగారం అమ్మితే భక్తుల మనసు నొచ్చుకుంటుంది. బోర్డు ఆ రెండూ చేయలేదు. వడ్డీ గడువు తీరాక ఒక్కసారిగా కాకుండా నెలనెలా వచ్చేలా డిపాజిట్లు మార్చాలని ఆ ఆగస్టులో నిర్ణయించింది. చిన్న మార్పులా కనిపిస్తుంది. వేలాది కుటుంబాలకు ఒకటో తారీఖు జీతం పడటం ఇలాంటి మార్పుల మీదే ఆధారపడుతుంది.

మూలధనాన్ని తినేసిన సంస్థ ఏమవుతుందో న్యూయార్క్ సిటీ ఒపెరా చూపించింది. సామాన్యులకు అందుబాటు ధరలో సంగీత నాటకాలు చూపించాలని 1943లో మొదలైన సంస్థ అది. 2008-09లో థియేటర్ మరమ్మతుల వల్ల ప్రదర్శనలు లేక, టికెట్ల డబ్బు రాక, నిధి నుంచి 2.4 కోట్ల డాలర్లు తీసి అప్పులకు, ఖర్చులకు వాడింది. నిధి చిక్కిపోయింది, దాంతోపాటు వడ్డీ కూడా పోయింది. 2013 అక్టోబరులో దివాలా తీసింది.

లేపాక్షి ఉన్న మన జిల్లాలోనే పుట్టపర్తి ఉంది. 1972లో ఏర్పడిన శ్రీ సత్యసాయి సెంట్రల్ ట్రస్టు విశ్వవిద్యాలయం, సంగీత కళాశాల, మ్యూజియం, 1991 నవంబరు 22న తెరిచిన సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రి, అనంతపురం పల్లెలకు తాగునీటి పథకం చేపట్టింది. ఆస్పత్రిలో బిల్లు కట్టే కౌంటర్ ఉండదు. అక్కడ రోగి నుంచి ఒక్క రూపాయి రాదు కాబట్టి ఖజానా మరింత జాగ్రత్తగా నడవాలి. 2011 ఏప్రిల్ 24న సత్యసాయి బాబా శివైక్యం చెందాక, జూన్‌లో ఆయన నివాసం యజుర్ మందిరం తెరిచారు. అక్కడ రూ.11.56 కోట్ల నగదు, 98 కిలోల బంగారం, 307 కిలోల వెండి లెక్కకు వచ్చాయి. నగదును స్టేట్ బ్యాంకులో జమ చేశారు. దేశం మొత్తం టీవీల ముందు కూర్చుని ఆ లెక్కింపు గురించి మాట్లాడుకుంది. అంత సొమ్ము ఒక గదిలో ఉండటం ట్రస్టుకు మంచి చేయలేదు. తర్వాత రోజుల్లో ట్రస్టు తన లెక్కల గురించి మునుపటికంటే ఎక్కువగా బయటికి మాట్లాడాల్సి వచ్చింది. దాతలు నమ్మి వచ్చిన మనిషి లేకపోయినా ఆస్పత్రిలో ఉచిత శస్త్రచికిత్సలు ఆగలేదన్నది మాత్రం ఇక్కడి పల్లెలవాళ్లు కళ్లారా చూస్తున్నదే.

డబ్బును ఊరికే దాచకుండా పనిలో పెట్టడం కొత్త తెలివి అనుకోనక్కర్లేదు. తిరుమల శాసనాలు చదివిన చరిత్రకారుడు బర్టన్ స్టైన్ 1960లో ఒక సంగతి రాశాడు. విజయనగర కాలంలో దాతలు శ్రీభండారానికి పణాలు సమర్పిస్తే, దేవస్థానం ఆ డబ్బుతో తన గ్రామాల్లో చెరువులు, కాలువలు తవ్వించేది. నీళ్లొచ్చి పంట పెరిగితే, ఆ పెరిగిన పంటతో దాత కోరిన నైవేద్యం జరిగేది. నివేదించిన ప్రసాదంలో నాలుగో వంతు దాతకు దక్కేది. స్వామికి నైవేద్యం, రైతుకు నీళ్లు, దాతకు ప్రసాదం. ఇప్పటి డిపాజిట్‌లో వడ్డీ వస్తుంది గానీ ఏ ఊరి చెరువూ నిండదు. ఈ కరువు సీమ నుంచి చూసినప్పుడు ఆ పాత పద్ధతి గొప్పతనం ఇంకా బాగా తెలుస్తుంది.

దాచడం ఎంత ముఖ్యమో చెప్పడం కూడా అంతే ముఖ్యం. మిగులు సొమ్మును ప్రభుత్వ సెక్యూరిటీల్లో పెట్టే ఆలోచన మీద 2020లో పెద్ద దుమారం రేగింది. 2022 నవంబరులో టీటీడీ శ్వేతపత్రం విడుదల చేసి, రాష్ట్ర ప్రభుత్వ సెక్యూరిటీల్లో డబ్బు పెట్టలేదని, బ్యాంకుల్లో రూ.15,938 కోట్లు, 10,258 కిలోల బంగారం ఉన్నాయని ప్రకటించింది. వదంతులు ముదిరాక ఇవ్వడం కాకుండా, ఏ బ్యాంకులో ఎంత ఉందో, ఎంత వడ్డీకి ఉందో ప్రతి ఏటా ఒక తేదీ పెట్టుకుని చెబితే భక్తుడికి ఇంకా ధైర్యంగా ఉంటుంది.

ఇక బంగారం. హుండీలో పడిన బంగారాన్ని కరిగించి, శుద్ధి చేసి, బ్యాంకులకు డిపాజిట్‌గా ఇస్తారు. 2016లో పంజాబ్ నేషనల్ బ్యాంకుకు ఇచ్చిన 1,311 కిలోలు మూడేళ్లకు 1,381 కిలోలు అయింది. దాన్ని తిరుపతికి తెస్తుండగా, 2019 ఏప్రిల్ 17 రాత్రి, తమిళనాడులోని తిరువళ్లూరు జిల్లాలో ఎన్నికల తనిఖీ బృందం వాహనాలు ఆపేసింది. కాగితాలేవి, ఈ బంగారం ఎవరిదని అధికారులు అడిగారు. మా ఖజానాకు చేరేదాకా బాధ్యత బ్యాంకుదేనని టీటీడీ చెప్పింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విచారణ వేసింది. చివరికి బంగారం భద్రంగా చేరింది. ఒప్పందంలో ఎవరి బాధ్యత ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో రాసుకోవడం ఎంత అవసరమో ఆ రాత్రి అందరికీ తెలిసింది.

2017లో మరో 2,780 కిలోలను 12 ఏళ్ల గడువుతో, 2.5 శాతం వడ్డీకి స్టేట్ బ్యాంకులో పెట్టారు. దీర్ఘకాలిక పథకంలో వడ్డీ రూపాయల్లో వస్తుంది, అదీ డిపాజిట్ చేసిన రోజు ధర మీద. ఆ తర్వాత బంగారం ధర ఎన్ని రెట్లయిందో ప్రతి ఇంటికీ తెలుసు. ఇంతలో 2025 మార్చి 26 నుంచి కేంద్రం మధ్యకాల, దీర్ఘకాల బంగారం డిపాజిట్లను ఆపేసింది. ఉన్నవి గడువు దాకా సాగుతాయి, కొత్తవి తీసుకోరు. ఇక మిగిలింది ఒకటి నుంచి మూడేళ్ల లోపు స్వల్పకాల డిపాజిట్లే. ఆ 2,780 కిలోల గడువు 2029లో తీరుతుంది. అప్పుడు దాన్ని బంగారంగానే తెచ్చుకుని బీరువాలో పెట్టుకోవాలా, స్వల్పకాల డిపాజిట్‌గా మళ్లీ మళ్లీ మార్చుకుంటూ పోవాలా, రూపాయలుగా తీసుకోవాలా అన్నది అప్పటి బోర్డు తేల్చుకోవాలి.