ఇల్లు పెట్టిన పేరు

తెలుగువారు వంశనామమును ఇంటిపేరని వ్యవహరింతురు. ఈ మాటలో ఇల్లనగా కుటుంబమే కాని కట్టడము కాదు. అయినను పూర్వమొక నగరమున, గోడలును కప్పును గల నిజమైన ఇంటికి పెట్టిన పేరే, అందు నివసించువారికి ఇంటిపేరగుచుండెను. ఆ నగరము జర్మనీ దేశమున రైను నది యొడ్డున నున్న మైంజు. అట్లేర్పడిన పేర్లలో నొకటి నేడు చదువుకొన్న వారెల్లరు నెఱిగినదే. అది గూటెన్‌బర్గు. ఐరోపా ఖండమున లోహపు టచ్చులతో గ్రంథములను ముద్రించు విధానమును నెలకొల్పిన యోహానెసు గూటెన్‌బర్గు వలన నా పేరు ప్రసిద్ధి కెక్కెను.

మొదట జర్మనులకు ఇంటిపేర్లు లేవు. ఒక్కొక్కరికి ఒక్కొక్క పేరే చాలియుండెను. పల్లెలో పదిమంది యోహాను లున్నను, ఎవ రెవరో యందఱికిని తెలియును. నగరములు పెరిగి, వర్తకము హెచ్చి, అప్పులకును ఆస్తులకును పత్రములు వ్రాయవలసి వచ్చినపుడు ఒక్క పేరు చాలకపోయెను. అందుచే సుమారు 12వ శతాబ్దము నుండి రెండవ పేరు చేర్చు నాచారము మెల్లమెల్లగా వ్యాపించెను. కొందఱికి తండ్రి పేరే రెండవ పేరయ్యెను. కొందఱికి వారి వృత్తి పేరయ్యెను. తిరుగలి మరను నడుపువాడు ముల్లరు, కమ్మరి ష్మిట్టు, చేపలు పట్టువాడు ఫిషరు. మఱికొందఱికి రూపమును బట్టి పేరు వచ్చెను. క్లైను అనగా చిన్నవాడు, లాంగు అనగా పొడుగరి. వేఱొక చోటినుండి వచ్చి స్థిరపడినవారికి వారి స్వస్థలమే పేరయ్యెను.

ఇవికాక ఐదవ విధము గూడ కలదు. ఆ కాలమున నగరములలోని ఇండ్లకు సంఖ్యలు లేవు. ఇంటి గుర్తుకై ద్వారముపై నొక జంతువునో, నక్షత్రమునో, డాలునో చిత్రించి, దానిని బట్టి యింటికి పేరు పెట్టుచుండిరి. ఫ్రాంక్‌ఫర్టు నగరమున ఎఱ్ఱడాలు గుర్తుగా గల యొక ఇంటిలో నుండినవారికి రోట్‌షిల్టు అను పేరు వచ్చెను. ఆ మాటకర్థము ఎఱ్ఱడాలే. ఆ కుటుంబము తరువాత వేఱొక ఇంటికి మారినను పాత యింటి పేరు వారిని విడువలేదు. అనంతరకాలమున లోకప్రసిద్ధులైన ధనిక వర్తకులు వీరే.

మైంజు నగరమున గూటెన్‌బర్గు అను పేరుగల యొక పెద్ద యిల్లుండెను. జర్మను భాషలో గూట్ అనగా మంచిది. బెర్గ్ అనగా కొండ. నడుమనున్న ‘ఎన్’ అనునది విభక్తిని బట్టి విశేషణమునకు చేరిన ప్రత్యయము. కావున ఆ పేరునకు మంచికొండ యని యర్థము చెప్పవచ్చును. తెలుగువారిలోను మంచికొండ యను ఇంటిపేరు గలవారు కలరు. ఈ రెండు పేర్లకును సంబంధమేమియు లేదు. ఎంతో దూరమున నున్న రెండు జాతులవారు ఒకే భావమునుండి పేర్లు కల్పించుకొనిరి, అంతియే.

యోహానెసు సుమారు 1400 ప్రాంతమున జన్మించెను. అతని తండ్రిని జనులు ఫ్రీలె గెన్స్‌ఫ్లైషు అని పిలుచుచుండిరి. గెన్స్‌ఫ్లైషు అనగా పెద్దబాతు మాంసము! వినుటకు నవ్వు పుట్టించునదైనను ఇదియు నొక ఇంటి పేరే. పూర్వ మా కుటుంబమువారి యధీనమున నుండిన యింటినుండి యది వచ్చినది. వారికి లాడెన్ అను మఱియొక ఇంటి పేరును కలదు. ఇల్లు మారినపుడు పేరును మారుట ఆనాటి మైంజు ప్రముఖులలో వింత కాదు. 1427 ప్రాంతమున ఆ కుటుంబమువారికి గూటెన్‌బర్గు అను పేరు పత్రములలో కనబడుచున్నది. ఆ యొక్క మార్పు జరుగకున్నచో, ముద్రణకళ ప్రస్తావన వచ్చినపుడెల్ల లోకము పెద్దబాతు మాంసము పేరు తలచుకొనవలసి యుండెడిది.

ఈ పేరు అరుదగుటకు కారణ మూహింపవచ్చును. ప్రతి గ్రామమునకును తిరుగలి మర నడుపువాడు కావలెను, కమ్మరి కావలెను. అందుచే ముల్లరు, ష్మిట్టు అను పేర్లు వేల పల్లెలలో వేర్వేఱుగ పుట్టినవి. నేటికిని జర్మనీలో మిక్కిలి యెక్కువగా వినబడు ఇంటిపేర్లు ఇవియే. ఒక్క ఇంటినుండి పుట్టిన పేరన్ననో, ఆ ఇంటివారి సంతతి యున్నంతవఱకే నిలుచును. యోహానెసునకు సంతానమున్నట్లు ఏ పత్రమువలనను తెలియుట లేదు.

అయినచో నేడా పేరు గలవారెవ్వరు? గూటెన్‌బర్గు, గుట్టెన్‌బర్గు అను పేర్లుగల ఊళ్లును కోటలును జర్మనీలో కొన్ని కలవు. వానినుండి వేఱుగ ఇట్టి యింటిపేర్లు పుట్టినవి. డార్మ్‌స్టాట్టు నగరమున 1889లో జన్మించిన బేనో గూటెన్‌బర్గు అను శాస్త్రజ్ఞుడు భూకంప తరంగములను పరిశీలించి, భూమి నడిగర్భము సుమారు 2,900 కిలోమీటర్ల లోతున మొదలగుచున్నదని నిర్ణయించెను. అతడు ముద్రాపకుని వంశమువాడు కాడు. ఇంటిపేరొకటియైనంత మాత్రమున వంశ మొకటియని తలపరాదు.

ఇక ఆ పేరు నిలిచిన తీరు మఱింత విచిత్రమైనది. యోహానెసు తన ప్రయత్నమునకు ధనము చాలక, ఫుస్టు అను ధనికునియొద్ద 1450లో 800 గిల్డర్లును, పిదప మరల 800 గిల్డర్లును అప్పు తెచ్చెను. ఆ సొమ్ముతో అక్షరములు పోతపోయించి, పుటకు 42 పంక్తులుండునట్లు బైబిలు గ్రంథమును సుమారు 180 ప్రతులు ముద్రించెను. పని ముగియవచ్చు సమయమునకు ఫుస్టు వ్యాజ్యము వేసి, వడ్డీతో కూడ 2,026 గిల్డర్లు రావలెనని కోరెను. 1455లో తీర్పు యోహానెసునకు ప్రతికూలమయ్యెను. ఏండ్లతరబడి చేసిన శ్రమఫలము పరులపాలయ్యెను.

ఆ బైబిలు ప్రతులలో సంపూర్ణములును అసంపూర్ణములును కలిపి నేటికి 49 నిలిచియున్నవి. వానిలో నెచ్చటను ముద్రించినవాని పేరు లేదు. 1457లో ఫుస్టును, యోహానెసునొద్ద పనిచేసిన షోఫరును కలిసి యొక స్తోత్రగ్రంథమును ప్రకటించి, దాని చివర తమ పేర్లను తేదీతో సహా అచ్చువేసికొనిరి. కాని గూటెన్‌బర్గు అను పేరును ముద్రాపకునిగా చెప్పు గ్రంథ మాతని జీవితకాలమున వెలువడినది ఒక్కటియు దొరకలేదు. లోకమునకు అచ్చక్షరములు కూర్చియిచ్చినవాడు తన పేరునకు మాత్రము అక్షరములు కూర్చుకొనలేదు! అతడు చేసిన పనికి సాక్ష్యము ముఖ్యముగా ఆ 1455వ సంవత్సరపు వ్యాజ్యపత్రమునందే లభించుచున్నది. అతనిని ఓడించిన కాగితమే అతని పేరును కాపాడెను.

యోహానెసు 1468లో మరణించెను. అతనిని పాతిపెట్టిన దేవాలయము తరువాత పడగొట్టబడుటచే సమాధి జాడ లేకపోయెను. పేరిచ్చిన ఆ పాత యిల్లును నేడు లేదు. కాని యతని విద్య దేశదేశములకు ప్రాకెను. తెలుగుభాషలో తొలి యచ్చు పుస్తకములు 1746లో జర్మనీలోని హాలె పట్టణముననే వెలువడినవి. వానిని వెలువరించినవాడు బెంజమిన్ షుల్ట్సె. అతని యింటిపేరునకు గ్రామాధికారి యని యర్థము. ప్రతి పల్లెలోను గ్రామాధికారి యుండుటచే అది జర్మనీలో మిక్కిలి సాధారణమైన పేరు. అరుదైన పేరుగలవాడు నెలకొల్పిన విద్యను, సాధారణమైన పేరుగలవాడు తెలుగునకు తెచ్చెను.

మైంజు నగరమున 1837లో యోహానెసు విగ్రహమును, 1900లో అతని పేర ముద్రణకళా ప్రదర్శనశాలను నెలకొల్పిరి. 1946లో తిరిగి తెఱువబడిన విశ్వవిద్యాలయమునకును అతని పేరే పెట్టిరి. పేరు నిలుపుటకు కొడుకులుండవలెనని పెద్దలందురు. గూటెన్‌బర్గు పేరు నిలుపుటకు ఇల్లు మిగులలేదు, సమాధి మిగులలేదు, కొడుకులును లేరు. అతడు చేసిన పని మాత్రము మిగిలెను. అదియే అతని పేరు నిలిపినది.