పులి ఎటు దూకాలి?

గేమ్ కోడింగ్, డిజిటల్ బొమ్మలు కొత్తగా మొదలుపెట్టేవారికి అరుగు మీది పులిమేకే తొలి బడి

23 చుక్కలు, 3 పులులు, 15 మేకలు. బొగ్గుముక్కతో అరుగు మీద పటం గీసి, చింతగింజల్ని మేకలుగా, గులకరాళ్లను పులులుగా పెట్టుకుంటే పులిమేక ఆటకు ఇంకేమీ అక్కర్లేదు. గేమ్ కోడింగ్‌లోకి, డిజిటల్ బొమ్మల్లోకి కొత్తగా అడుగుపెట్టేవారి గురించి వెతికితే మార్కెట్ అంకెలు, కోర్సుల ప్రకటనలు కుప్పలుగా దొరికాయి. వాటన్నిటిలో ప్రాణమున్నది మాత్రం ఈ పటమే. అందుకే ఈ కథనంలో సగం చోటు దానికే.

ఒక ఊరిని ఉదాహరణగా తీసుకుందాం. కొత్తగూడ పక్కన అడవిని ఆనుకుని ఉన్న మహబూబాబాద్ జిల్లా గంగారం 2016 జిల్లాల పునర్విభజనలో మండలమైంది. పులి అడుగులు కనిపించాయన్న వార్తలు అప్పుడప్పుడు వచ్చే ఏజెన్సీ ప్రాంతం అది. అలాంటి ఊళ్లో పదో తరగతి చదివే అమ్మాయో అబ్బాయో మొదటి గేమ్ రాయాలనుకుంటే దేనితో మొదలుపెట్టాలి? ఎక్కువమంది మనసు తుపాకుల యుద్ధం మీదికే పోతుంది. పబ్‌జీ లాంటివి పెద్ద బృందాలు ఏళ్ల తరబడి కూర్చుని చేసేవి. ఒంటరిగా దిగినవారు నాలుగు రోజులకే చేతులెత్తేస్తారు, పైగా తమకు తెలివి చాలదనుకుంటారు. ఆడీ ఆడీ చేతికి అలవాటైన ఆటైతే ఆ దిగులుండదు. ఏం చేయాలో ముందే తెలుసు గనుక, ఎలా చేయాలన్నదాని మీదే బుర్ర పెట్టొచ్చు.

ఇక పటం సంగతి. కొన నుంచి కిందికి నాలుగు ఏటవాలు గీతలు దిగుతాయి. వాటిని మూడు అడ్డగీతలు కోస్తాయి. ఆ అడ్డగీతల కొసల్ని కలుపుతూ అటొకటి, ఇటొకటి నిలువుగీతలు. అడుగున ఒక గీత. కొనకు 0 అని పేరు పెడదాం, కంప్యూటరు లెక్క సున్నా నుంచే మొదలవుతుంది మరి. మొదటి అడ్డగీత మీద ఎడమ నుంచి కుడికి 1 నుంచి 6, రెండోదాని మీద 7 నుంచి 12, మూడోదాని మీద 13 నుంచి 18, అడుగున 19 నుంచి 22. మొత్తం 23.

కొత్తవారు ఇక్కడ మొదట రాసుకునేది ప్రతి చుక్కకూ ఇరుగుపొరుగుల జాబితా. 3కు పొరుగువి 0, 2, 4, 9. మేక జరగడానికి ఈ జాబితా చాలు. పులికి చాలదు.

పులి మేకను తినాలంటే దాని మీదుగా తిన్నగా దూకాలి. పొరుగువాడి పొరుగువాడి దగ్గరకు దూకమని రాస్తే ఏమవుతుందో చూడండి. 2లో పులి ఉంది, కొన మీద 0లో మేక ఉంది, 5 ఖాళీగా ఉంది. 2కు 0 పొరుగు, 0కు 5 పొరుగు. కంప్యూటరు చెప్పినట్టే చేస్తుంది. పులి ఎడమ అంచు మీద పైకెక్కి, మేకను మింగి, కుడి అంచు మీదికి వంపు తిరిగి దిగుతుంది. అరుగు మీద అలా ఆడితే పక్కనున్నవాళ్లు ఊరుకుంటారా?

అప్పుడు చాలామంది తెర మీది కొలతల్ని నమ్ముకుంటారు. పులికీ మేకకూ మధ్య ఎంత దూరముందో, మేక అవతల అంతే దూరంలో దించమంటారు. చదరంగం గళ్లలో అది చక్కగా పనిచేస్తుంది. ఇక్కడ 3లో పులి, 2లో మేక ఉన్నప్పుడు బోల్తా కొడుతుంది. పైన ఏటవాలు గీతలు దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి 3 నుంచి 2కు దూరం తక్కువ, 2 నుంచి 1కి ఎక్కువ. పులి రెండు చుక్కల మధ్య ఖాళీలో దిగి అక్కడే ఉండిపోతుంది.

దారి పటంలోనే ఉంది. చుక్కల్ని పక్కనపెట్టి గీతల్ని రాసుకోవాలి. 0, 2, 8, 14, 19 ఒక గీత. 0, 3, 9, 15, 20 ఇంకోటి. ఏటవాలువి నాలుగు, అడ్డంగా మూడు, నిలువుగా రెండు, అడుగున ఒకటి. ఈ పది వరుసల్లో పటమంతా ఇమిడిపోతుంది. ఒకే వరుసలో పక్కపక్కనున్నవి పొరుగులు. ఒకే వరుసలో మధ్యన ఒకదాన్ని విడిచి ఉన్నది దూకే చోటు. ఎన్ని మెలికల ‘ఇఫ్’ షరతులతో రాసినా తేలనిది పది వరుసలతో తేలిపోతుంది. సమాచారాన్ని ఏ రూపంలో పెట్టుకుంటే పని తేలికవుతుందన్నది ఇంజినీరింగ్ కాలేజీల్లో డేటా స్ట్రక్చర్స్ పేరుతో చెబుతారు. పులిమేక ఆడిన పిల్లలకు అది ముందే వేళ్ల కొసల్లో ఉంది.

ఆ తర్వాతి పని కాస్త తేలికే. ఎవరి వంతు, చేతిలో ఎన్ని మేకలున్నాయి, పులి కడుపులో ఎన్ని పడ్డాయి అన్న మూడు లెక్కలు గుర్తుంచుకోవాలి. 15 మేకలూ దిగేదాకా దిగిన మేక కదలకూడదు. మూడు పులులకూ జరగడానికీ దూకడానికీ చోటు లేకపోతే మేకలవాళ్లు గెలిచినట్టు. ఎన్ని మేకల్ని తింటే పులి గెలిచినట్టన్నది మాత్రం ఊరూరికీ మారుతుంది. ఆ అంకెను కోడ్ మొదట్లోనే విడిగా రాసి పెట్టుకుని, ఇంట్లో పెద్దవాళ్లనడిగి మార్చుకోవడం మంచిది.

బొమ్మల దగ్గరికొస్తే పాత వరంగల్ జిల్లావాళ్లకు గురువులు దగ్గర్లోనే ఉన్నారు. జనగామకు చేరువలోని చెర్యాల ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది. అక్కడి నకాషీ కళాకారులు ఖద్దరు గుడ్డకు సుద్దమట్టి, చింతగింజల గంజి, జిగురు పట్టించి దాని మీద కథలు గీస్తారు. వెనక చిక్కటి ఎరుపు, లెక్కకు కొద్ది రంగులు, నీడలు లేని చదును పూత, చివరన రూపాన్ని తేల్చే నల్లగీత. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, గొల్లలకు కాటమరాజు కథ చెప్పేవారు ఆ పటాన్ని ఒక్కో వరుసగా విప్పి చూపేవారు. పిక్సెల్ బొమ్మకు ఇంతకంటే మంచి పాఠం లేదు. 32 అడ్డం, 32 నిలువు అంటే 1024 గళ్లు. అందులో పులి మీసాలకు ఛాయలు దిద్దబోతే అంతా మరకైపోతుంది. అయిదారు రంగులకు కట్టుబడి, పెద్ద కన్ను, వీపు వంపు, ఎత్తిన తోక చాలనుకుంటే పులి పులిలా నిలబడుతుంది. క్రీటా లాంటి సాఫ్ట్‌వేర్‌లో రంగులు ఒక లేయర్‌లో, నల్లగీత దాని పైన ఇంకో లేయర్‌లో పెట్టుకుంటే ఎన్నిసార్లయినా దిద్దుకోవచ్చు. అయితే ఒక్క మాట. పటం చూసి నేర్చుకోవడం వేరు, ఒకరు గీసిన పటాన్ని ఫొటో తీసి గేమ్‌లో అతికించడం వేరు. ఆ రెండోది వాళ్ల కష్టాన్ని దోచుకోవడమే.

ఇక వీడియో గేమ్‌ల చరిత్ర క్లుప్తంగా. 1958లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో విలియం హిగిన్‌బోథమ్ ఆసిలోస్కోప్ తెర మీద టెన్నిస్ ఆడించారు. 1962లో ఎంఐటీలో స్పేస్‌వార్, 1972లో అటారీ వారి పాంగ్ వచ్చాయి. పిల్లలు దిమ్మెలు పేర్చి కోడ్ రాసే స్క్రాచ్ 2007లో ఎంఐటీ మీడియా ల్యాబ్ నుంచి వచ్చింది. అర్జెంటీనాకు చెందిన హువాన్ లినియెట్‌స్కీ, ఆరియెల్ మన్సూర్ గేమ్‌లు తయారుచేసే తమ గోడో ఇంజిన్‌ను 2014లో అందరికీ ఉచితంగా తెరిచారు. 2020లో పుణె బృందం నోడింగ్ హెడ్స్ ‘రాజీ’తో మన పురాణాల్ని గేమ్‌గా తెచ్చింది.

తెలుగు అక్షరం తెర మీద

గోడో పాత వెర్షన్లలో ఒత్తులు, గుణింతాలు విడివిడిగా పడేవి. 2023 మార్చిలో వచ్చిన గోడో 4తో తెలుగు కుదురుకుంది. అయినా ఓ చిక్కుంది. మాటలు ఒక్కో అక్షరంగా తెర మీదికొచ్చేలా పెడితే, కంటికి ఒకటే అయిన ‘స్త్రీ’ యూనికోడ్‌లో ఆరు ముక్కలు గనుక సగం సగం అక్షరాలు మెరుస్తాయి. పెద్ద కంపెనీలకూ ఈ తిప్పలు తప్పలేదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అన్న ఒక్క అక్షరం అందితే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ ఐఓఎస్ 11.2.6తో సరిచేసింది. గేమ్‌లో చేర్చుకోవడానికి రామభద్ర, మండలి వంటి ఉచిత తెలుగు ఫాంట్లు ఉన్నాయి. కె.దేశికాచారి తయారుచేసిన పోతన ఫాంటు ఇంకా పాతది. ఆ ఫాంటుకు పేరైన కవి పోతన పుట్టిన ఊరుగా చెప్పుకునే బమ్మెర జనగామ జిల్లాలోదే.

ఏం కావాలి?

గోడో, క్రీటా, పిక్సెల్ బొమ్మలకు పిక్సెలోరామా, 3డీ బొమ్మలకు బ్లెండర్ అన్నీ ఉచితమే. గోడో ఎడిటర్ ఆండ్రాయిడ్‌లోనూ నడుస్తుంది. ఫోను తెర మీద కోడ్ కొట్టడం కష్టమే అయినా పులిమేకంత గేమ్‌కు పనికొస్తుంది. వేలకు వేలు కట్టే కోర్సుల జోలికి ముందే పోనక్కర్లేదు. పటం నోటుబుక్కులో గీసుకుని, చుక్కలకు అంకెలు వేసి, పది వరుసలూ చేత్తో రాసుకున్నాకే తెర ముందు కూర్చోవాలి. మొదట ఇద్దరు మనుషులు ఒకే ఫోను మీద ఆడేలా చేసి, అది తడబడకుండా నడిచాకే పులుల వైపు కంప్యూటర్‌ను కూర్చోబెట్టాలి. దానికి తొలి ఎత్తుగడ ఒక్కటి చాలు: తినగలిగిన మేక ఉంటే తిను, లేకపోతే చుట్టూ ఎక్కువ ఖాళీ చుక్కలున్న చోటికి జరుగు.