డయాలసిస్ మొదలైందా? పాత పథ్యం మార్చాల్సిందే!

కిడ్నీ జబ్బు అనగానే ‘పప్పు వద్దు, గుడ్డు ముట్టొద్దు’ అనే మాట ఇంట్లో స్థిరపడిపోతుంది. డయాలసిస్‌కు ముందు దశలో అందులో కొంత నిజముంది. కానీ డయాలసిస్ మొదలయ్యాక లెక్క తిరగబడుతుంది. ప్రొటీన్ పెంచాలి. ఉప్పు, నీరు, పొటాషియం, ఫాస్ఫరస్‌లను అదుపులో పెట్టాలి. ఈ తేడా తెలియకే చాలామంది క్రమం తప్పకుండా డయాలసిస్ చేయించుకుంటూ కూడా రోజురోజుకూ చిక్కిపోతుంటారు.

లెక్క ఎందుకు మారుతుంది?

మనం తిన్న ప్రొటీన్ వినియోగమయ్యాక యూరియా వంటి వ్యర్థాలు మిగులుతాయి. కిడ్నీలు ఇంకా కొంత పనిచేస్తున్న దశలో వాటిపై భారం తగ్గించడానికి ప్రొటీన్‌ను కిలో బరువుకు రోజుకు 0.6 నుంచి 0.8 గ్రాములకు పరిమితం చేస్తాం. డయాలసిస్ మొదలయ్యాక ఆ వ్యర్థాలను యంత్రం తీసేస్తుంది. అయితే యంత్రానికి మంచీ చెడూ తెలియదు. యూరియాతో పాటు కండకు కావాల్సిన అమైనో ఆమ్లాలూ బయటకు పోతాయి. ఒక్కసారి హీమోడయాలసిస్‌లో ఇలా పోయేవి సుమారు 6 నుంచి 12 గ్రాములు.

అందుకే డయాలసిస్‌లో ఉన్నవారికి కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల ప్రొటీన్ కావాలి. 60 కిలోల మనిషికైతే 60 నుంచి 72 గ్రాములు. దానితో పాటు కిలోకు 25 నుంచి 35 కేలరీల శక్తి కూడా అందాలి. అన్నం, నూనె బాగా తగ్గించేసి ప్రొటీన్ ఒక్కటే పెడితే వంటచెరుకు లేక ఇంటి తలుపులు విరిచి పొయ్యిలో పెట్టినట్టే అవుతుంది. శరీరం ఆ ప్రొటీన్‌నే ఇంధనంగా కాల్చేస్తుంది.

మోసం చేసే రెండు అంకెలు

మొదటిది క్రియాటినిన్. ‘పోయిన నెల 9 ఉంది, ఇప్పుడు 6కి వచ్చింది’ అని ఇంట్లోవాళ్లు సంతోషిస్తారు. క్రియాటినిన్ కండరాల నుంచి వస్తుంది. డయాలసిస్‌లో ఎలాంటి మార్పూ లేకుండా, మూత్రం పెరగకుండా అది నెలనెలా తగ్గుతూ వస్తుంటే కిడ్నీ బాగుపడుతోందని కాదు, కండ కరుగుతోందేమోనని అనుమానించాలి.

రెండోది బరువు. ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువును ‘డ్రై వెయిట్’ అంటాం. రెండు కిలోల కండ పోయి ఆ చోటును రెండు కిలోల నీరు ఆక్రమిస్తే తూకంలో తేడా కనిపించదు. కానీ పడుకుంటే ఆయాసం, కాళ్ల వాపు, బీపీ పెరగడం మొదలవుతాయి. చొక్కా వదులవుతున్నా, భుజాల దగ్గర ఎముకలు తేలుతున్నా ‘బరువు తగ్గలేదుగా’ అని ఊరుకోవద్దు. డ్రై వెయిట్‌ను మళ్లీ లెక్కగట్టమని డాక్టర్‌ను అడగండి. రక్తంలో అల్బుమిన్ 4 కంటే తగ్గినా కారణం వెతకాలి. పోషణ తగ్గినవారిలో ఇన్‌ఫెక్షన్లు, ఆసుపత్రిలో చేరాల్సిన అవసరం, ప్రాణాపాయం ఎక్కువ.

ఏం పెట్టాలి?

చవకైన, మేలైన ప్రొటీన్ గుడ్డు తెల్లసొన. ఒక్కోదానిలో సుమారు 3.5 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, ఫాస్ఫరస్ నామమాత్రమే. చేపలు, చికెన్ కూడా మంచివే. ఖరీదైన ప్రొటీన్ పొడులు అందరికీ అవసరం లేదు. తిండితో సరిపోనప్పుడు మాత్రమే, అదీ డాక్టర్ చెప్పినవే వాడాలి.

60 కిలోల వ్యక్తికి ఒక రోజు లెక్క ఇలా ఉండొచ్చు:

• ఉదయం: నాలుగు ఇడ్లీలు, రెండు తెల్లసొనలు - 15 గ్రాములు
• మధ్యాహ్నం: రెండు కప్పుల అన్నం, 75 గ్రాముల చేప లేదా చికెన్, బీరకాయ కూర, చిన్న కప్పు పెరుగు - 28 గ్రాములు
• సాయంత్రం: ఉప్పు తక్కువ వేసిన మరమరాలు - 2 గ్రాములు
• రాత్రి: మూడు చపాతీలు, అర కప్పు ముద్దపప్పు, రెండు తెల్లసొనలు - 20 గ్రాములు

మొత్తం 65 గ్రాములు. శాకాహారులు పప్పు, పనీర్, పెరుగు, నానబెట్టి పిండేసిన మీల్ మేకర్‌తో దీనికి దగ్గరగా రావచ్చు. వాటిలో పొటాషియం, ఫాస్ఫరస్ కూడా ఉంటాయి కాబట్టి రక్తపరీక్షలను బట్టి మోతాదు సర్దుకోవాలి.

ముందు ఉప్పు, తర్వాతే నీరు

ఉప్పు తగ్గించకుండా నీళ్లు తగ్గించడం ఎవరి వల్లా కాదు. దాహం ఊరుకోనివ్వదు. వంటలో, పెరుగులో, అన్నింట్లో కలిపి రోజుకు ఒక చెంచా (5 గ్రాములు) ఉప్పు దాటకూడదు. ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు, ఎండుచేపలు పక్కన పెట్టాలి. సైంధవ లవణమైనా ఉప్పే. ‘లో సోడియం’ పేరుతో అమ్మే ఉప్పు ఇంకా ప్రమాదం. అందులో సోడియం బదులు పొటాషియం కలుపుతారు.

ఇక నీరు. ముందురోజు వచ్చిన మూత్రానికి మరో అర లీటరు కలిపితే వచ్చేదే ఆ రోజు కోటా. కాఫీ, మజ్జిగ, చారు అన్నీ అందులోవే. రెండు డయాలసిస్‌ల మధ్య పెరిగే బరువు డ్రై వెయిట్‌లో 4 శాతం లోపు ఉంటే మంచిది. 60 కిలోల మనిషికి అది దాదాపు రెండున్నర కిలోలు.

పొటాషియం: హెచ్చరిక లేకుండా వచ్చే ముప్పు

పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది. కొన్నిసార్లు ముందస్తు లక్షణాలేవీ ఉండవు. కొబ్బరినీళ్లు, అరటిపండు, సపోటా, ఖర్జూరం, పండ్లరసాలు, టమాటా, బంగాళాదుంప, ఆకుకూరలు, చింతపండులో ఇది ఎక్కువ. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎక్కువ, కొబ్బరి తోటలూ ఎక్కువే. ‘ఒంటికి చలువ’ అంటూ ఇచ్చే బోండాం నీళ్లు డయాలసిస్ రోగికి ప్రాణం మీదికి తేవచ్చు. స్టార్ ఫ్రూట్ అసలు ముట్టకూడదు. అందులోని విషపదార్థం కిడ్నీలు పనిచేయనివారి మెదడుపై ప్రభావం చూపుతుంది.

సొర, బీర, పొట్ల, దొండ, క్యాబేజీ కొంత నయం. ఏ కూరగాయనైనా చెక్కు తీసి, చిన్న ముక్కలు కోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోసి వండితే పొటాషియం తగ్గుతుంది. ఆ నీళ్లతో చారు పెట్టకండి. పులుపు కోసం చింతపండు బదులు కాస్త నిమ్మరసం పిండుకోవచ్చు. పండ్లలో ఆపిల్, పైనాపిల్ కొద్దిగా తినొచ్చు.

ఫాస్ఫరస్: మాత్ర ఎప్పుడు వేసుకుంటున్నారు?

ఫాస్ఫరస్ పెరిగితే దురద వస్తుంది, ఎముకలు బలహీనమవుతాయి, రక్తనాళాలు గట్టిపడతాయి. కూల్‌డ్రింకులు, ప్యాకెట్ ఆహారాల్లో కలిపే ఫాస్ఫేట్లు దాదాపు మొత్తం ఒంటికి పడతాయి. పప్పుల్లో సహజంగా ఉండేది అంతగా పట్టదు. కాబట్టి ముందు మానేయాల్సింది పప్పు కాదు, కోలా సీసా. కాల్షియం అసిటేట్, సెవెలమర్ వంటి మాత్రలను భోజనంతో పాటే వేసుకోవాలి. తిండిలోని ఫాస్ఫరస్‌ను పేగులోనే పట్టుకోవడం వాటి పని. ఖాళీ కడుపున వేసుకుంటే ఆ పని జరగదు.

‘సయించడం లేదు’ అంటే...

దీన్ని మొండితనం అనుకోవద్దు. డయాలసిస్ చాలకపోవడం, రక్తంలో ఆమ్లం పెరగడం, మలబద్ధకం, మందులు, దిగులు... కారణం ఏదైనా కావచ్చు. డయాలసిస్ సాధారణంగా వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు జరగాలి. రెండుసార్లతో సరిపెడితే వ్యర్థాలు పేరుకుని ఆకలి చచ్చిపోవచ్చు. కొద్దికొద్దిగా ఐదారుసార్లు పెట్టండి. డయాలసిస్ రోజున ప్రయాణంతో కలిపి ఒక పూట తిండి పోతుంది కాబట్టి డబ్బా వెంట తీసుకెళ్లండి. డయాలసిస్ జరుగుతుండగా తింటే కొందరికి బీపీ పడిపోతుంది. ఎప్పుడు తినాలో అక్కడి సిబ్బందిని అడగండి.

మధుమేహులు భోజనం మానేసి ఇన్సులిన్ తీసుకోవద్దు. కిడ్నీలు పాడైతే ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. షుగర్ పడిపోతే పండ్లరసం కాకుండా గ్లూకోజ్ లేదా పంచదార ఇవ్వాలి.

పొట్ట ద్వారా ఇంట్లోనే చేసుకునే పెరిటోనియల్ డయాలసిస్‌లో ప్రొటీన్ రోజూ పోతుంది కానీ నీరు, పొటాషియం విషయంలో కొంత వెసులుబాటు ఉంటుంది. వారి పథ్యం వేరు, పిల్లలదీ వేరే.

ఆలస్యం చేయొద్దు

కాళ్లూచేతులూ పట్టు తప్పినట్టుండటం, గుండెదడ, పడుకోలేనంత ఆయాసం ఉంటే తర్వాతి డయాలసిస్ దాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మిగతా రోజుల్లో నెలకోసారి చేసే రక్తపరీక్షల కాగితంతో పాటు, మూడు రోజులు ఏమేం తిన్నారో రాసిన కాగితం కూడా డాక్టర్‌కు చూపించండి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తేనే ఏది తగ్గించాలో, ఏది పెంచాలో తేలుతుంది.