చిన్న వర్తకులు – చట్టపు చిక్కులు

మా పాఠశాలలో చదువు ముగించినవారిలో కొందరు ఉద్యోగములకు పోక, హుజూర్‌నగర్ ప్రాంతముననే ఎరువుల దుకాణమో, కిరాణా కొట్టో, మిత్రులతో పొత్తుగా చిన్న మిల్లో పెట్టుకొనుచున్నారు. సరకు తెలిసి, లెక్క తెలిసి, చట్టము తెలియకపోవుటచే నష్టపడువారు గలరు. అట్టివారికొరకు ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మొదట పొత్తు సంగతి. 1932వ సంవత్సరపు భాగస్వామ్య చట్టము ప్రకారము పొత్తు వ్యాపారమును రిజిస్టరు చేయించుట విధి కాదు. చేయించనివారికి జుల్మానాయు లేదు. ఇంతవరకు విని పలువురు తృప్తిపడుదురు. కాని ఆ చట్టములోని 69వ సెక్షను చదివినవారు తక్కువ. రిజిస్టరు కాని పొత్తు సంస్థ, అరువు తీసికొని ఎగవేసినవానిపై ఒడంబడికను బట్టి దావా వేయజాలదు. అతడు మాత్రము సంస్థపై దావా వేయవచ్చును! నూరు రూపాయలకు మించని కొన్ని దావాలకు మినహాయింపు గలదు గాని, నేడు నూరు రూపాయలకై న్యాయస్థానమెక్కు వాడెవడు? పొత్తుదారులు తమలో తాము కలహించినను ఇదే చిక్కు. పొత్తు రద్దుచేసి లెక్కలు తేల్చుడని అడుగవచ్చునే గాని, ఒప్పందపు హక్కును సాధించుకొనుటకు వీలులేదు. ఇక వ్యాపారమునకై ఒకడు చేసిన అప్పు రెండవవాని ఇంటిమీదికిని వచ్చును. దావా వేయునాటికే రిజిస్ట్రేషను జరిగి యుండవలెను. తరువాత చేయించి మరల దావా వేయవచ్చును గాని, అప్పటికి గడువు దాటినచో ఫలము లేదు.

ఆ గడువు సాధారణముగా మూడేండ్లు. సాగరు ఎడమకాలువకు నీరు వచ్చిన యేడు రైతుల బాకీలు తీరును. రాని యేడు నిలిచిపోవును. ఇట్లు రెండు పంటలు పోవుసరికి ప్రామిసరీ నోటుకు కాలదోషము పట్టనుండును. గడువులోపల కొంత సొమ్ము చెల్లించి, బాకీదారుడు స్వయముగా చెల్లు వ్రాసి చేవ్రాలు చేసినచో, ఆనాటినుండి మరల మూడేండ్లు లభించును. వర్తకుడు తన పుస్తకములో తానే వ్రాసికొన్న చెల్లు చాలదు.

మన తెలంగాణమునకు ప్రత్యేకమైనది మరియొకటి గలదు. నిజాం కాలమున, 1349 ఫసలీలో, వడ్డీ వ్యాపారుల చట్టము పుట్టినది. వడ్డీకి అప్పులిచ్చుట వృత్తిగా గలవాడు లైసెన్సు లేనిదే దావా తెచ్చినచో అది కొట్టివేయబడును. ఎన్నడో ఒకసారి మిత్రునకు బదులిచ్చినవాడు వడ్డీ వ్యాపారి కాడు. దుకాణముతోపాటు ఊరందరికి వడ్డీకి తిప్పువాడే జాగ్రత్తపడవలెను.

చెక్కులయెడల మరింత మెలకువ కావలెను. సరకు తెచ్చుకొనునప్పుడు పూచీగా సంతకము చేసిన ఖాళీ చెక్కు ఇచ్చుట మనవారికి వాడుక. మొత్తమును ఇతరుడు నింపినను, స్వేచ్ఛగా ఇచ్చిన చెక్కు బాకీకై ఇచ్చినదిగానే భావింపబడునని 2019లో సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. బాకీ లేదని నిరూపించు భారము సంతకము చేసినవానిదే. చెక్కు చెల్లక తిరిగివచ్చినదని బ్యాంకు తెలిపిన 30 దినములలో సొమ్ము రావలసినవాడు నోటీసు ఇయ్యవలెను. అది అందిన 15 దినములలో సొమ్ము చెల్లింపనిచో, పిమ్మట నెలలోపల ఫిర్యాదు చేయవచ్చును. నేరము రుజువైనచో రెండేండ్ల వరకు ఖైదు గాని, చెక్కు మొత్తమునకు రెట్టింపు వరకు జుల్మానా గాని, రెండును గాని విధింపవచ్చును.