ఇంటిలో వైఫై - రౌటరు ఎన్నిక

గత విద్యాసంవత్సరములో అంతర్జాలము ద్వారా పంపవలసిన అభ్యాసపత్రములను మా తరగతి విద్యార్థినులు కొందరు గడువు దాటిన పిదప పంపారు. ఇంట కనెక్షను లేదా అని అడిగాము. "ఉన్నది సార్, కానీ మేము చదువుకొనే గదికి రాదు" అన్నారు. విచారించగా అందరి ఇండ్లలోను ఒకే కథ. ఫైబరు తీగ వీధి గుమ్మము వద్ద లోనికి వస్తుంది. పనివాడు అక్కడనే, దివాన్‌ఖానా గోడకు పెట్టెను బిగించి వెళ్ళిపోతాడు. అక్కడ కూర్చున్న మగపిల్లలకు సినిమాలు నిరాటంకముగా వస్తాయి. రెండు గోడల ఆవల, వంటింటి ప్రక్క గదిలో పుస్తకము పట్టుకొన్న ఆడపిల్లకు ఆ కనెక్షను ఉన్నా లేనట్లే. ఈ విషయమై మాకు తెలిసిన సంగతులను విద్యార్థులకు, కమిటీ పెద్దలకు విన్నవించుటకే ఈ వ్యాసము. తెలుగు బోధించువారికి ఈ గొడవ ఎందుకని అడుగవచ్చును. మాకు రావలసిన పత్రములు ఆ గోడలు దాటియే రావలెను గదా!

బయటినుండి తీగద్వారా వచ్చిన అంతర్జాలమును ఇంటిలోని ఫోనులకు, కంప్యూటర్లకు పంచిపెట్టు పరికరమే రౌటరు. తీగ లేకుండ పంచుటకు అది రేడియో తరంగములను వాడుకొంటుంది. ఈ తరంగములను దీపకాంతితో పోల్చవచ్చును. గోడగూటిలో పెట్టిన దీపము ఒక ప్రక్కకే వెలుగునిచ్చునట్లు, మూలనున్న రౌటరు సగము తరంగములను వీధికే ధారపోస్తుంది. అయితే కాంతివలె గోడవద్ద ఆగిపోక, ఈ తరంగములు కొంత బలము కోల్పోయి ఆవలికి చేరుతాయి. ఎంత కోల్పోవునన్నది గోడనుబట్టి ఉంటుంది. చెక్క తలుపు అంతగా అడ్డగించదు. ఇటుకగోడ కొంత తగ్గిస్తుంది. మా రాయలసీమ పాత మిద్దెలలోని రెండడుగుల రాతిగోడ చాలవరకు మ్రింగివేస్తుంది. ఇనుప బీరువా, నిలువుటద్దము వెనుకనున్న లోహపు పూత, నిండు నీళ్ళ డ్రమ్ము కూడ శత్రువులే.

సాధారణముగా నేటి రౌటర్లు రెండు పట్టీలలో పనిచేస్తాయి. 2.4 గిగాహెర్ట్జ్ తరంగము పొడవు సుమారు పన్నెండు సెంటీమీటర్లు. 5 గిగాహెర్ట్జ్ తరంగము అందులో సగమునకు కొంచెము తక్కువ. మొదటిది గోడలను మెరుగుగా దాటుతుంది, కాని వేగము తక్కువ. ఇరుగుపొరుగు రౌటర్లు, వంటింటి మైక్రోవేవ్ పొయ్యి కూడ ఆ ప్రాంతములోనే సందడి చేస్తుంటాయి. రెండవది వేగవంతము, కాని గోడ అడ్డమువస్తే త్వరగా నీరసిస్తుంది. మన దేశములో మొదటి పట్టీని 2005లోను, రెండవదానిలో విస్తారమైన భాగమును 2018లోను లైసెన్సు లేకుండ వాడుకొనుటకు అనుమతించారు. రెండు పట్టీలు గల రౌటరునే కొనవలెనని మా అభిప్రాయము. ఒకే పట్టీ గలది ఎంత చవుకగా దొరికినను నేడు కొనదగినది కాదు.

కొనునప్పుడు అట్టపెట్టెమీది అంకెలను చూచి మోసపోరాదు. 1200 అని వ్రాసియుంటే అది ఒక ఫోనుకు దక్కే వేగము కాదు. ఒక పట్టీలోని 300, రెండవ పట్టీలోని 867 కలిపి గుండ్రము చేసిన సంఖ్య అది. పైగా అవి మెగాబిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు కనుక, వంద మెగాబిట్ల కనెక్షనులో సెకనుకు దిగేది పన్నెండున్నర మెగాబైట్లే. మరియొక మెలిక కలదు. చవుక రౌటర్ల వెనుకనుండు తీగరంధ్రములు వంద మెగాబిట్లకు మించి పోనీయవు. నెలనెలా రెండువందల మెగాబిట్లకు డబ్బు చెల్లించు గృహస్థు ఇట్టి రౌటరును తగిలిస్తే సగము సొమ్ము వృథా. "గిగాబిట్" రంధ్రములున్నవా అని తప్పక అడుగవలెను. వైఫై 6 అను ప్రమాణము ఒకే ఇంట అనేక పరికరములున్నచోట మేలు చేస్తుంది. పాత ఫోనులు రెండుమూడు మాత్రమే ఉన్నచోట దానికై అధికమూల్యము ఇవ్వనక్కరలేదు.

ఇక కొమ్ముల సంగతి. మేము కూడ దుకాణదారుని మాట విని నాలుగు కొమ్ముల రౌటరు ఒకటి తెచ్చి, పాతదాని స్థానములోనే వీధి గోడకు బిగించాము. వెనుక గదిలో కొంచెమైనను మార్పు లేదు. గోడ గోడగానే ఉన్నది! తరువాత కంపెనీ పెట్టెను గుమ్మమువద్దనే ఉంచి, అక్కడినుండి ఈథర్‌నెట్ తీగ ఒకటి నడిమింటివరకు లాగి, కొత్త రౌటరును ఆ చివర తలెత్తు అలమరపై పెట్టాము. ఆ సాయంకాలమే వెనుక గదిలో పాఠము తెగకుండ వచ్చినది. ఈ తీగ వంద మీటర్లవరకు పనిచేస్తుంది కనుక ఎంత పెద్ద ఇంటికైనను చాలును. తీగ లాగుటకు వీలులేనివారు రిపీటరు అను ఉపపరికరము కొంటుంటారు. దానిని సంకేతము అందని గదిలోనే పెట్టుట అందరు చేయు పొరపాటు. తనకే అందనిది అది ఇతరులకేమి అందించగలదు? సంకేతము ఇంకను బాగుగానున్న నడిమిచోట పెట్టవలెను. ఒకే పట్టీలో వినుట, తిరిగి పలుకుట రెండును చేయవలసినందున దానివలన వేగము సుమారు సగమగుననియు తెలిసియుండవలెను.

రౌటరు వచ్చిన దినముననే దానితో వచ్చిన సంకేతపదమును మార్చవలెను. రక్షణపద్ధతిగా డబ్ల్యుపిఎ3 ఉన్న అది, లేనిచో డబ్ల్యుపిఎ2 ఎన్నుకొనవలెను. డబ్ల్యుఇపి అను పాతపద్ధతి దుర్బలమని 2001లోనే తేలిపోయినది. మన వీధులలో పొరుగువారు అడిగిన కాదనుట కష్టము. అయినను ఏదైనా అక్రమము జరిగితే విచారణకు వచ్చువారు ముందుగా తట్టేది కనెక్షను ఎవరి పేర ఉన్నదో వారి తలుపే. అతిథులకై వేరు పేరుతో వైఫై ఏర్పరచు సౌకర్యము చాల రౌటర్లలో ఉన్నది. దానిని వాడుకొనుట ఉభయులకు మర్యాద.

కమిటీ పెద్దలకు ఒక మనవి. గ్రంథాలయములో అరువదిమంది ఒకేసారి కూర్చుండుచోట ఇంటి రౌటరు ఒక్కటి చాలదు. పైకప్పున రెండుమూడు చోట్ల పరికరములు అమర్చి, ఒక్కొక్కదానికి తీగ లాగి, 2.4 పట్టీలో 1, 6, 11 చానళ్ళను వేరువేరుగా కేటాయించవలెను. అప్పుడే అవి ఒకదాని మాటకు మరొకటి అడ్డుపడవు. అందులో ఒకటి విద్యార్థినులు కూర్చుండు వెనుక భాగమునకు ముందుగా ఏర్పాటు చేయించవలెనని కోరుచున్నాము.

మా ఇంటి తీగ ఇంకను నడిమింటి గడపమీదుగానే పోతున్నది. కాలికి తగులుచున్నదని మా తల్లిగారు రోజుకొకసారైనను అంటుంటారు. గోడకు మేకులు కొట్టి పైకి ఎత్తించవలెను.