సైరన్ మోగితే ఎటు వెళ్లాలి?

అణువిద్యుత్తు ప్రమాదం అనగానే 1986 నాటి చెర్నోబిల్, 2011 నాటి ఫుకుషిమా గుర్తొస్తాయి. అవెక్కడో, మనమెక్కడో అనుకుంటాం. కానీ ఆ పరిశ్రమకి అవసరమైన భారజలం తయారయ్యేది మన గోదావరి ఒడ్డున, భద్రాచలం అడవుల అంచునే. ఒకప్పటి ఖమ్మం జిల్లా, ఇప్పటి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో, అశ్వాపురం దగ్గరున్న మణుగూరు భారజల కర్మాగారం సంగతి నేను చెప్పేది. మనవాళ్ల నోట్లో అది "హెవీ వాటర్". ఏడాదికి 185 టన్నుల సామర్థ్యంతో 1991లో మొదలైంది.

అక్కడ రియాక్టర్ లేదు. భారజలంలో రేడియేషనూ ఉండదు. అంతమాత్రాన భయం లేదనుకోకండి. గోదావరి నీటినుంచి భారజలాన్ని వేరుచేయడానికి హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు వాడతారు. కుళ్లిన కోడిగుడ్డు వాసన వేస్తుందది. వాసనొస్తే తెలిసిపోతుంది కదా అంటారేమో! గాలిలో అది ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. మామూలు గాలికన్నా బరువు కాబట్టి పల్లాల్లో, వాగుల్లో పేరుకుంటుంది. వాగుకి నీళ్లకెళ్లేదెవరు? తెల్లారకముందే ఇప్పపువ్వు ఏరడానికి, ఎండల్లో తునికాకు కోయడానికి వెళ్లేదెవరు? ఎక్కువగా ఆడవాళ్లే కదా!

సైరన్ మోగిందనుకోండి. తలుపులు బిగించుకుని ఇంట్లో ఉండాలా? గాలికి అడ్డంగా మెరక మీదికి పోవాలా? బడిలో పిల్లల్ని ఎవరు చూస్తారు? ఈ జవాబులు ఫైళ్లలో ఉంటే చాలదు, పొయ్యి దగ్గరున్న ఆడమనిషికి తెలియాలి. కోయగూడేల్లో కోయభాషలో చెప్పాలి.

ఇదేమీ దయతలచి చేసే పని కాదు. 1984లో భోపాల్ దుర్ఘటన జరిగాక, 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించారు. ప్రమాదమేమిటో, ఎలా తప్పించుకోవాలో చుట్టుపక్కల జనానికి యాజమాన్యమే చెప్పాలన్నారు. చట్టం ఉండి ఏం లాభం? 2020 మే 7న విశాఖలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ వాయువు వచ్చినప్పుడు జనం నిద్రలో ఉన్నారు. సైరన్ మోగలేదు. 12 మంది పోయారు.

మరి నష్టపరిహారం? 2010 నాటి అణు బాధ్యత చట్టం రేడియేషన్ నష్టం గురించే. ఆపరేటరుకి 1500 కోట్ల పరిమితి పెట్టింది, లోపమున్న పరికరాలిచ్చిన కంపెనీని నిలదీసే వీలూ ఇచ్చింది. దాని స్థానంలో 2025 డిసెంబరులో వచ్చిన "శాంతి" చట్టం ప్రైవేటు కంపెనీలకి తలుపులు తెరిచి, సరఫరాదారుల మీదున్న ఆ నిబంధనని తీసేసింది. విషవాయువు లీకైతే ఈ చట్టాలేవీ మన గడప తొక్కవు. అప్పుడు మనకి అండ, ప్రమాదకర పరిశ్రమ నడిపేవాళ్లే, తప్పెవరిదైనా సరే, నష్టం పూర్తిగా భరించాలని 1986 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పిన మాట.

కంపెనీ అయితే లాభం కోసం దాచిందంటాం. సర్కారే యజమాని అయితే "దేశం కోసం" అంటారు. ఊపిరాడని బిడ్డకి రెండూ ఒకటే.

కరెంటు వద్దని నేననడం లేదు. వచ్చే గ్రామసభలో మహిళా సంఘాలు మూడు సంగతులు అడగాలంటున్నాను. మన ఊరి అత్యవసర ప్రణాళిక ఏది? రిహార్సల్ ఎప్పుడు చేస్తారు? అందులో ఆడవాళ్లని, బడిపిల్లల్ని కలుపుతారా? జవాబు నోటిమాటగా కాదు, కాగితం మీద తీసుకోండి.