పాత డీజిలు వాహనములలో గ్లో ప్లగ్గులు: చెడిపోవు విధము, కనిపెట్టు క్రమము

డీజిలు ఇంజనునకు నిప్పురవ్వ నిచ్చు ప్లగ్గు లేదు. సిలిండరులోని గాలిని పిస్టను బిగియ నొక్కగా పుట్టిన వేడిమిచేతనే అందు చిమ్మబడిన నూనె అంటుకొనును. రుడాల్ఫ్ డీజిల్ 1890వ దశకమున తన యంత్రమును ఈ సూత్రముపైననే నిలిపెను. కాని చల్లబడిన ఇనుము ఆ వేడిమిని పీల్చివేయును. సిలిండరు నెత్తిన గల చిన్న గదిలో నూనె చిమ్ము పాత ఇంజనులలో ఈ నష్టము మరింత హెచ్చు. ఏలనన, వేడిని లాగుకొను గోడల వైశాల్య మక్కడ అధికము. కావున ఆ గదిలోనికి కొన వచ్చునట్లు ఒక విద్యుత్తాపకమును బిగించి, ఇంజను త్రిప్పుటకు ముందు దానిని ఎఱ్ఱగా కాల్తురు. అదియే గ్లో ప్లగ్గు. మన మెకానిక్కులు దీనినే హీటరు ప్లగ్గందురు. 1936లో వెలువడిన మెర్సిడెస్ బెంజ్ 260 డి కారునందే ఇవి కలవు. మన దేశమున 1980 ప్రాంతమున వచ్చిన డీజిలు అంబాసిడరునకును ఇవియే ఆధారము. ఆ కారు తయారీ 2014లో నిలిచిపోయినది.

యానాములో నడచు బండికి ఒకటి రెండు ప్లగ్గులు మాడినను, గాలి వెచ్చదనమువలన ఏడాది పొడుగునను ఆ లోపము బయటపడకపోవచ్చును. అదే బండి కోరాపుటు మన్యమునకు పోయి పుష్యమాసపు తెల్లవారుజామున నిలిచినచో కదలదు. కిరాయి బండి నమ్ముకొన్నవానికి అది ఒక దినపు సంపాదనతో పోవు నష్టము కాదు. పదేపదే స్టార్టరు త్రిప్పి బ్యాటరీని చంపుకొనుట, పిమ్మట స్టార్టరునే మార్పించుట, అటుపైన పంపును విప్పించుట జరుగుచుండును. అసలు దోషము మాత్రము ఉన్నచోటనే యుండును.

మొదట తెలిసికొనవలసినది ఇది: ఇంజను వేడెక్కిన పిమ్మట వెంటనే స్టార్టగుచు, చల్లారిన తరువాత మాత్రమే మొండికెత్తుచున్నదా? వేడిలోను మొండికెత్తినచో ప్లగ్గుల నిందింపరాదు. నూనె గొట్టములో గాలి చేరుట మున్నగు ఇతర కారణములు వెదకవలెను. చల్లదనమున స్టార్టయి, తెల్లని పొగ విడుచుచు ఒక సిలిండరు తప్పినట్లు కొంతసేపు కొట్టుకొని, పిదప సర్దుకొన్నచో సాధారణముగ ఒక ప్లగ్గు పోయినదని యర్థము. కంప్రెషను తగ్గిన ఇంజనును ఇట్లే ప్రవర్తించునుగాన, ప్లగ్గులు బాగుండినచో దానినిగూడ చూడవలెను.

పరీక్షకు పన్నెండు వోల్టుల బల్బు ఒకటి చాలును. తాళము త్రిప్పి, ప్లగ్గునకు వచ్చు తీగపై బల్బు నానించినప్పుడు వెలుగకున్నచో తప్పు ప్లగ్గులలో లేదు. రిలేలోనో, ఫ్యూజు పట్టీలోనో కలదు. ఈ పట్టీ కంటికి నిక్షేపముగ కనబడుచు వెండ్రుకంత చీలికతో తెగియుండుట కద్దు. కరెంటు వచ్చుచున్నచో తీగలు విప్పి, బల్బు ఒక కొనను బ్యాటరీ ప్లస్సునకు, రెండవదానిని ప్లగ్గు తలకు తాకింపవలెను. వెలుగనిది తెగిన ప్లగ్గు.

ఈ పరీక్ష ప్రతి ప్లగ్గునకు వేఱుగ కరెంటు వచ్చు బండ్లకు చెల్లును. 1970వ దశకపు మెర్సిడెస్ డీజిళ్లలో ప్లగ్గులు దండలోని పూసలవలె ఒకదాని వెంట నొకటి కూర్చబడినవి. ఒకటి తెగిన అన్నియు ఆరిపోవును. అచ్చట కరెంటు పెట్టి, ఒక్కొక్క ప్లగ్గు రెండు కొనలమధ్య వోల్టుమీటరు నుంచవలెను. తెగినదానిపై బ్యాటరీ వోల్టు లన్నియు కనబడును, మిగిలినవానిపై సున్న. అన్నింటిని కొనుటకు ముందు ఈ చిన్న పని చేసినచో నాలుగింట మూడు ప్లగ్గుల వెల మిగులును.

మాడిన ప్లగ్గును మార్చుటతో సగము పనియే యగును. అది ఏల మాడినదో చూడవలెను. రిలే ముక్కలు అతుకుకొనిపోయి కరెంటు ఆగకున్నచో క్రొత్త ప్లగ్గులును కొద్దికాలములోనే మాడును. ఒకే సిలిండరు ప్లగ్గు మాటిమాటికి పోవుచు, దాని కొన కొఱికినట్లు తిన్నచో ఇంజెక్టరును అనుమానింపవలెను. తుంపరగా చిమ్మవలసిన నూనె ధారగా పడి కొనను తినివేయును. ఈ సంగతి తెలియక ఏటేటా ప్లగ్గులు కొనువారు పెక్కురు.

ప్లగ్గులు పోయిన బండిని ఈథరు చిమ్మి స్టార్టు చేయు అలవాటు కొన్ని షెడ్లలో కలదు. పని చేయుచున్న ఒక్క ప్లగ్గు ఎఱ్ఱగ నున్నను ఆ ఆవిరి అకాలముగ ప్రేలి పిస్టను విఱుగవచ్చును.

విప్పుటలో తొందర పనికిరాదు. ముందునాడే మరలపై నూనె పోసి, ఇంజను వెచ్చగా నున్నప్పుడు మెల్లగ త్రిప్పవలెను. బలవంతము చేసినచో ప్లగ్గు తెగి తునక లోపల నిలిచిపోవును. అప్పుడు హెడ్డు దింపుట తప్పకపోవచ్చును. రంధ్రములోని మసిని గీకి తీయనిదే క్రొత్తది బిగింపరాదు. బిగించుటకు ముందు పాతదానిపై చెక్కిన వోల్టుల యంకెను క్రొత్తదానితో సరిచూడవలెను. తక్కువ వోల్టులది పన్నెండు వోల్టులకు తగిలించినచో కొన్ని క్షణములలోనే మాడును.